డాక్టరుగారి మడి

మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివరింట్లో ఒక ముసలావిడ ఉండేది. తడిచీర చుట్టుకుని వంటింట్లో అడుగుపెట్టిందంటే వంట దించేదాకా ఎవరి గాలీ సోకనిచ్చేది కాదు. మనవడు పొరపాటున గడప తొక్కితే ఉడుకుతున్న పప్పు పారబోసి, నూతి దగ్గర మళ్లీ నాలుగు చేదలు పోసుకుని, మళ్లీ పొయ్యి ముట్టించేది. ఆవిడతోనే మడి పోయిందని చాలాకాలం అనుకున్నాను. కిందటేడు మా మావయ్యను పట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాక నా పొరపాటు తెలిసొచ్చింది. మడి ఎక్కడికీ పోలేదు. తడిచీర విడిచి తెల్లకోటు తొడుక్కుంది.

అక్కడి డాక్టరుగారికి నేను వినయంగా ఫైలు అందించాను. మూడు రోజుల కిందట ఇంకో డాక్టరుగారు చేయించిన రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో, స్కానింగు, అన్నీ తేదీల వారీగా సర్ది ఉంచాను. ఆయన ఫైలు ముట్టుకోలేదు. పెన్ను చివరతో అట్ట కొంచెం ఎత్తి, ల్యాబు పేరు చూసి, మెల్లగా దించేశారు. "ఇవి పక్కన పెట్టండి. మనం ఫ్రెష్‌గా చేయిద్దాం" అన్నారు. ఆ క్షణాన నాకు ముసలావిడ కళ్లకు కట్టింది. పరాయి పొయ్యి మీద ఉడికిన మెతుకు ముట్టరాదు, పరాయి సూదితో తీసిన నెత్తురు చదవరాదు. ఆవిడ నిష్ఠకు ఖర్చు పావుశేరు కందిపప్పు. ఈయన నిష్ఠకు మాకు ఆరువేల నాలుగువందలైంది. నిష్ఠ పెరిగే కొద్దీ ఖర్చు పెరగడం ధర్మమే.

డాక్టరుగారూ, తమరిని పొగడటానికి నాకున్న భాష చాలదు. పెద్దలు వైద్యుణ్ణి నారాయణుడన్నారు. తక్కువ చేసి చెప్పారని నా ఫిర్యాదు. నారాయణుడికి అటు బ్రహ్మ, ఇటు శివుడు ఉన్నారు. పని మూడు వాటాలు వేసుకున్నారు. ఒకళ్లకు చిక్కొస్తే మిగతావాళ్ల ఇంటికి వెళ్లేవారు. మరీ గడ్డు సమస్యైతే దేవతలంతా పాలసముద్రం ఒడ్డున చేరి ఏం చేద్దామని తర్జనభర్జన పడేవారు. తమరికి ఆ దుర్గతి పట్టలేదు. సృష్టి, స్థితి, లయ ఒక్క ప్రిస్క్రిప్షనులోనే కానిచ్చేస్తారు. లంకలో సుషేణుడి సంగతి తల్చుకుంటే నాకు జాలేస్తుంది. వైద్యుడై ఉండీ మందు పేరు చెప్పి ఊరుకున్నాడు, తేవడానికి హనుమంతుడి మీద ఆధారపడ్డాడు. మూలిక తెలియక ఆయన కొండంతా పెకలించుకొస్తే కోప్పడకుండా అందులో వెతుక్కున్నాడు. ఇంకొకడు తెచ్చినదాన్ని చూడటం! తమరైతే "ఈ కొండ మాకు పనికిరాదు, మా కొండే తవ్విద్దాం" అనేవారు.

మా మావయ్య వయసు డెబ్బైయొకటి. ఇరవయ్యేళ్ల షుగరు, గుండెలో ఒక స్టెంటు, మూత్రపిండంలో రాయి, అరిగిన మోకాళ్లు. ఇన్ని ఉన్న మనిషికి ఇంతమంది దేవుళ్ల దర్శనం ఒక్కచోటే దొరుకుతుందని రహదారి మీద హోర్డింగు చెప్పింది. అందులో పదకొండు మంది డాక్టర్లు చేతులు కట్టుకుని, భుజానికి భుజం ఆనించి నవ్వుతున్నారు. కింద "ఒకే కప్పు కింద సమస్త వైద్యం" అని ఉంది. అందులో అబద్ధం లేదు. కప్పు ఒకటే. షుగరు డాక్టరుగారు కింద, గుండె డాక్టరుగారు రెండో అంతస్తులో, రాళ్ల డాక్టరుగారు మూడులో, మోకాళ్ల డాక్టరుగారు నాలుగులో. లిఫ్టు కూడా పనిచేస్తోంది. అయినా ఎనిమిది నెలల్లో ఒకరి అంతస్తు ఒకరు తొక్కగా నేను చూడలేదు. ఆ హోర్డింగు ఫొటో కూడా విడివిడిగా తీసి అతికించారేమోనని నాకు అనుమానం. ఇంత మడిగల వాళ్లు భుజాలు తగిలించుకుంటారంటే నమ్మబుద్ధి కాదు.

వాళ్ల నడుమ రాయబారం నడిపే భాగ్యం నాకు దక్కింది. నేను బీకాం చదివి, బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. కృష్ణుడికైనా ఒక్క సభే. నాకు నాలుగు. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో ఫైలు, నోట్లో నాకే అర్థంకాని నాలుగు ఇంగ్లీషు మాటలు. గుండె డాక్టరుగారు "నీళ్లు రోజుకి లీటరుంబావు మించొద్దు" అన్నారు. గుండె బలం తగ్గితే నీరు ఒంట్లో నిలిచిపోయి, కాళ్లు పొంగి, ఆయాసం వస్తుంది. నిజమే. ఒక అంతస్తు ఎక్కగానే రాళ్ల డాక్టరుగారు "మూడు లీటర్లకు తగ్గొద్దు" అన్నారు. నీళ్లు తక్కువైతే రాయి పెరుగుతుంది. అదీ నిజమే. "కిందాయన లీటరుంబావన్నారండీ" అన్నాను. "కిందాయన గుండె చూస్తారు, నేను కిడ్నీ చూస్తాను" అన్నారాయన. ఎంత చక్కటి సరిహద్దు! కృష్ణా నీళ్ల పంచాయతీకి ట్రిబ్యునళ్లు మీద ట్రిబ్యునళ్లు వేసినా తెగలేదే, ఇక్కడ ఒక్క వాక్యంలో తెగిపోయింది. తెగనిది మా మావయ్యకే. ఆయన ఇద్దర్నీ నొప్పించకుండా ఉపాయం చేశాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రాయి కోసం తాగేవాడు, మధ్యాహ్నం నుంచి గుండె కోసం మానేసేవాడు.

మోకాళ్ల డాక్టరుగారు నొప్పి తగ్గడానికి పూటకొక మాత్ర రాశారు. అలాంటి నొప్పి మాత్రలు చాలాకాలం వాడితే మూత్రపిండాల మీద పడుతుంది, గుండె జబ్బుకూ మంచివి కావు. ఈ సంగతి నాలుగంతస్తుల్లోనూ అందరికీ తెలుసు. తెలిసినా నాలుగో అంతస్తు మాట మూడో అంతస్తు ఎత్తలేదు. పరాయి ప్రిస్క్రిప్షనులో వేలు పెట్టడం సంస్కారం కాదు గదా. క్రియాటినిన్ 1.2 నుంచి 1.9కి ఎక్కింది. ఎవరి సంస్కారమూ దిగలేదు. ఈలోగా మావయ్యకు లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. ఐదో దేవుడి అవసరం వచ్చింది. మెదడు డాక్టరుగారు ఎమ్మారై తీయించి, మెదడు వయసుకు తగ్గట్టే ఉందని చెప్పి, కళ్లు తిరగడానికి ఇంకో మాత్ర రాశారు. మొత్తం పద్నాలుగు మాత్రలు.

అసలు గుట్టు మందులషాపు కుర్రాడు విప్పాడు. ఒకరోజు రెండు షీట్లు పక్కపక్కన పెట్టి, "అంకుల్, ఈ రెండూ ఒకటేనండి. కంపెనీలు వేరు. లోపల రెండూ టెల్మిసార్టానే. తాతగారు బీపీ మాత్ర డబుల్ వేసుకుంటున్నారు" అన్నాడు. ఒకటి గుండె డాక్టరుగారు రాసింది, రెండోది షుగరు డాక్టరుగారు రాసింది. బీపీ కిందికి జారి కళ్లు తిరుగుతున్నాయన్నమాట. గుండె డాక్టరుగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు. "ఎవరు చెప్పారు?" "మందులషాపు అబ్బాయండీ." "అయితే అతని దగ్గరే చూపించుకోండి." మాటలో తప్పుందా అని కాదు, ఎవరి నోట వచ్చిందన్నదే ముఖ్యం. మడి అంటే అదే కదా. పప్పు ఎలా ఉడికిందో ముసలావిడ ఎప్పుడూ అడగలేదు. గడప తొక్కిందెవరనే అడిగేది.

అయితే ఒక్కచోట మాత్రం వీళ్లంతా కలిసి కూర్చున్నారు. ఆసుపత్రి బిల్లులో. గుండె విజిట్టు, షుగరు విజిట్టు, రాళ్ల విజిట్టు, మోకాళ్ల విజిట్టు, మెదడు విజిట్టు ఒకదాని కింద ఒకటి వరసగా. అక్కడ మడీ లేదు, ఎంగిలీ లేదు. చక్కటి సహపంక్తి భోజనం.

డాక్టర్లకు జట్టుగా పనిచేయడం రాదని లోకం ఆడిపోసుకుంటుంది. ఆ మాట అనేవాళ్లు ఒకసారి పల్లెటూళ్లలో తిరిగి రావాలి. ఊళ్లో ఆరెంపీ గారు నాడి చూస్తాడు. ఆసుపత్రి పీఆర్వో ఆయనకు ఫోన్ చేస్తాడు. ఆటో అతను తీసుకొస్తాడు. డాక్టరుగారు స్కానింగు రాస్తారు. స్కానింగు సెంటరు వాళ్లు నెలాఖరుకు లెక్క చూస్తారు. ఎవరి పర్సంటేజీ వాళ్లకు అందుతుంది. ఒక్కరు కూడా ఇంకొకరి మాట తీసిపారేయరు. ఇందులో చదువు, హోదా, డిగ్రీ తేడాలు లేవు. ఎంబీబీఎస్ ఎండీ అయిన మహానుభావుడు పదో తరగతి తప్పిన ఆరెంపీని "అన్నా" అని పిలుస్తాడు. రెఫరల్ కమిషన్ తీసుకోరాదని 2002 నాటి వైద్య నీతి నియమావళిలో స్పష్టంగా ఉంది. నియమాలు రాసినవాళ్లకు సామరస్యం విలువ తెలియదు.

అదే నియమావళిలో ఇంకో వింత ఉంది. ఇద్దరు వైద్యులకు అభిప్రాయం కుదరకపోతే ఆ సంగతి రోగి బంధువులకు దాపరికం లేకుండా, పక్షపాతం లేకుండా చెప్పాలట. వాళ్లు కావాలంటే ఇంకొకరి సలహా తీసుకోవచ్చట. అడిగిన 72 గంటల్లో కేసు కాగితాలు ఇవ్వాలట. 2018లో జాతీయ మానవహక్కుల కమిషన్ రోగుల హక్కులని పదిహేడు రాసింది. రెండో అభిప్రాయం అందులో ఒకటి. 2023 ఆగస్టులో డాక్టర్లకు కొత్త నియమాలొచ్చాయి, ఆ నెల తిరక్కుండానే పక్కకు పెట్టేశారు, పాతవే నడుస్తున్నాయి. నడుస్తున్నాయంటే పుస్తకంలో నడుస్తున్నాయని. "ఇంకొకరికి కూడా చూపిద్దామనుకుంటున్నామండీ" అని ఒక్కసారి తమరి ఎదట అని చూస్తే తెలుస్తుంది. పెళ్లిపీటల మీద ఇంకో సంబంధం సంగతి ఎత్తినట్టే. "నా మీద నమ్మకం లేకపోతే ఎక్కడికైనా తీసుకెళ్లండి. బాధ్యత నాది కాదు. సంతకం పెట్టండి." మూడు వాక్యాలు. కత్తి పట్టకుండానే పని పూర్తిచేసే నేర్పు తమరిది. కాగితాలు అడిగితే రికార్డు రూము తాళం ఉన్నాయన సెలవులో ఉంటాడు. మేం తిరిగొస్తే తమరు కోప్పడరు. ఫైలు వంక చూసి "ఎవరు రాశారమ్మా ఇవన్నీ?" అని చిరునవ్వు నవ్వుతారు. తోటి వైద్యుడి గురించి తమరు ఇచ్చే అభిప్రాయం అదొక్కటే. అందులోనే అన్నీ ఉంటాయి.

గర్భసంచి తీసేయమని చెప్పిన ఆడవాళ్లలో ఎంతమంది ఇంకో డాక్టరును అడిగి ఉంటారు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. మన స్త్రీలు ఎంత విశ్వాసం గలవాళ్లో లెక్కల్లో కూడా తేలింది. పిల్లలు పుట్టాక అదెందుకు, ఉంచితే క్యాన్సరు వస్తుందని ఒక్కరు చెబితే చాలు. రెండోవాళ్లను అడగడం పతివ్రతా ధర్మానికి విరుద్ధమన్నట్టు గాజులు తాకట్టు పెట్టి మరీ వెళ్లారు.

అలాగని తమరు బయటి అభిప్రాయానికి వ్యతిరేకులని నేననను. ఈ విషయంలో మన హైదరాబాదుకు గొప్ప చరిత్ర ఉంది. 1880లలో అక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాలకు పెద్దగా ఎడ్వర్డ్ లారీ అనే దొర ఉండేవాడు. ఆపరేషనుకు క్లోరోఫాం ఇస్తే శ్వాస ఒక్కటే చూడాలి, నాడి చూడనక్కర్లేదు, క్లోరోఫాం గుండెకు ఏమీ చేయదు అని ఆయన మతం. ఎడింబరోలో గురువు సైమ్ దగ్గర నేర్చుకున్నది అదే. 1888లో కమిషన్ వేసి కుక్కల మీద పరీక్షించి, తను చెప్పిందే నిజమని తేల్చాడు. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు లారీ ఏం చేశాడనుకున్నారు? కోప్పడ్డాడా? సంతకం పెట్టించుకున్నాడా? లేదు. బయటి అభిప్రాయాన్నే ఇంటికి పిలిపించాడు. నిజాం ప్రభువు వెయ్యి పౌన్లిస్తే లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద శాస్త్రవేత్త 1889లో హైదరాబాదు వచ్చాడు. గుండెకు ప్రమాదం ఉందని నమ్ముతూ వచ్చినవాడు. వందల సంఖ్యలో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు ప్రాణాలొడ్డాక ఆయన కూడా లారీ చెప్పిందే నిజమని తంతి కొట్టాడు. రెండో అభిప్రాయమంటే ఇలా ఉండాలి. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద పరీక్షించి, కొద్దిపాటి క్లోరోఫాంలో ఉన్నప్పుడే గుండె ఉన్నట్టుండి గజగజలాడి ఆగిపోగలదని చూపించాడు. శ్వాస చూడమన్న లారీ మాట మంచిదే. శ్వాస ఒక్కటే చూడమనడంలోనే చిక్కు. కానీ ఒక్కటే చూడకపోతే నిష్ఠ ఎలా అవుతుంది?

ఈ పరంపరకు వియన్నాలో ఇంకా పాత వేరు ఉంది. అక్కడి పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులు. ఒకటి వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులది. డాక్టర్ల వార్డులో తల్లులు ఎక్కువగా చనిపోతుండేవారు. 1847 ఏప్రిల్‌లో నూటికి పద్దెనిమిది మంది. శవాలు కోసిన చేతులతో నేరుగా కాన్పులకు వస్తున్నారు, సున్నపు క్లోరిన్ నీళ్లలో చేతులు కడుక్కోండని సెమ్మెల్వెయిస్ అనే కుర్ర డాక్టరు పట్టుబట్టాడు. కడిగించాక కొన్నాళ్లకే మరణాలు నూటికి రెండు దగ్గరకు దిగాయి. పెద్దలు హర్షించలేదు. పెద్దమనుషుల చేతులు మురికివనడమేమిటి! మనదేశంలో మడికి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవాలంటారు. ఆ పెద్దల మడి దానికంటే ఎత్తైనది. చేతులకు లేదు, అభిప్రాయాలకే ఉంది. సెమ్మెల్వెయిస్ 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

ఇక ఆపరేషను థియేటరు. అక్కడ సర్జనుగారు గర్భగుడిలో మూలవిరాట్టు. మత్తుడాక్టరు, నర్సులు, టెక్నీషియన్లు పరివార దేవతలు. వాళ్లు నోరెత్తరు, ఎత్తాల్సిన పని లేదు. ఈ శాంతిని చెడగొట్టడానికి 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పంతొమ్మిది అంశాల పట్టీ ఒకటి తెచ్చింది. కోసే ముందు అందరూ ఒకరికొకరు పేర్లు చెప్పుకోవాలట. రోగి పేరు, ఆపరేషను, ఎటువైపన్నది పైకి చదవాలట. నర్సుకు సందేహముంటే చెప్పాలట. పరీక్షకు ముందు పిల్లల్ని అడిగినట్టు సర్జన్లను అడగడమేమిటి? ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో దీన్ని వాడి చూశారు. 2009లో ఫలితాలొచ్చాయి. మరణాలు నూటికి ఒకటిన్నర నుంచి 0.8కి పడ్డాయి, ఇతర ఇబ్బందులు పదకొండు నుంచి ఏడుకు. దీని వెనకున్న సర్జన్ అతుల్ గవాండే. వాడినవాళ్లను అభిప్రాయం అడిగితే నూటికి ఇరవై మంది కాలయాపన అన్నారు. మీకే ఆపరేషనైతే ఈ పట్టీ ఉండాలంటారా అని అడిగితే తొంభైమూడు మంది ఉండాలన్నారు. ఈ సమాధానంలో ఉన్న వినయం చూడండి. రోగులకు తమ చెయ్యి చాలు, తమకు మాత్రం పట్టీ కావాలి. తమ ఒంటిని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు ఒక్కరినే నమ్మేంత అహంకారం వాళ్లకు లేదు.

2005లో ఇంగ్లండులో ఒకామె మామూలు సైనస్ ఆపరేషనుకు వెళ్లింది. మత్తిచ్చాక గొంతులో గొట్టం దిగలేదు, గాలి అందలేదు. ముగ్గురు అనుభవజ్ఞులైన డాక్టర్లు చేరారు. మళ్లీ మళ్లీ అదే దారిలో ప్రయత్నించారు, ఇరవై నిమిషాలకు పైగా. ఒక నర్సు గొంతుకు రంధ్రం చేసే సామాను తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూలో పడక మాట్లాడింది. డాక్టర్ల చూపు చూసి, మళ్లీ వద్దని చెప్పింది. గదిలో ఏం చేయాలో తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు చెప్పడం తెలియలేదు, లేదా వినేవాళ్లకు వినపడలేదు. పదమూడు రోజులకు ఆమె పోయింది. ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమానం నడిపే పైలట్. 1977లో టెనెరిఫేలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయినప్పటి నుంచి వాళ్ల వృత్తిలో కెప్టెన్‌కు పక్కనున్నవాడు ఎదురు చెప్పవచ్చని, చెప్పి తీరాలని నేర్పుతున్నారు. ఆరోజు కూడా ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు, కెప్టెన్ పట్టించుకోలేదు. బ్రోమిలీ ఎవర్నీ తిట్టలేదు. వైద్యంలో కూడా అదే నేర్పాలని 2007లో ఒక సంఘం పెట్టాడు. పైలట్లతో డాక్టర్లను పోల్చడం నాకు నచ్చదు. పైలట్‌కు స్వార్థం ఉంది. విమానం కూలితే అతనూ అందులోనే ఉంటాడు. తమరు నిస్వార్థులు.

వృత్తిలో కళంకాలు లేకపోలేదు, చెప్పకపోతే నేను పక్షపాతినవుతాను. క్యాన్సరు వైద్యులు చాలాచోట్ల ట్యూమర్ బోర్డని పెట్టుకుని, కోసేవాడు, రేడియేషన్ ఇచ్చేవాడు, మందులెక్కించేవాడు, ముక్క చూసి చెప్పే పెథాలజిస్టు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక సర్జన్ "దీనికి ముందు కత్తి వద్దేమో" అని పదిమంది ముందు ఒప్పుకోవలసి వస్తుంది. ఇంతకంటే పరాభవం ఏముంది? ముంబయి టాటా మెమోరియల్ వంటిచోట్ల ఈ దురలవాటు బాగా ముదిరింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో 2001లో పీటర్ ప్రొనొవోస్ట్ అనే ఆయన ఇంకా తెగించాడు. మెడనరంలోకి గొట్టం వేసేటప్పుడు డాక్టరు ఐదు మెట్లలో ఒక్కటి తప్పినా నర్సు ఆపేయవచ్చన్నాడు. ఏడాదిలో గొట్టం ఇన్ఫెక్షన్లు నూటికి పదకొండు నుంచి సున్నాకు పడిపోయాయి. పడిపోతే పడ్డాయి, నర్సు చేత ఆపించుకోవడమా?

ఇలాంటి కళంకమే ఒకటి తెనాలిలో కూడా ఉంది. సర్కారు డాక్టరుగా రిటైరై, ఇంటి వరండాలో రోగుల్ని చూస్తాడు. ఫీజు నూటయాభై. ఏసీ లేదు, టోకెన్ లేదు. మావయ్యను ఆయన దగ్గరికి తీసుకెళ్లడం నా బలహీన క్షణం. ఆయన ఏం చేశాడో చెబితే నమ్మరు. ముందు ఫైలు ముట్టుకున్నాడు. ముట్టుకోవడమే కాదు, మొదటి కాగితం నుంచి చదివాడు. మాత్రలన్నీ బల్ల మీద పోయించి, ఒక్కొక్క షీటు వెనక్కి తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి, లోపలి మందు పేరు చదువుకున్నాడు. మందులషాపు కుర్రాడి సంగతి చెబితే "తెలివైనవాడే" అన్నాడు. వృత్తిధర్మం అక్కడే మంటగలిసింది. ఆపైన "నీళ్లు ఎన్ని తాగాలో నాకు సరిగ్గా తేలడం లేదండీ, వాళ్లనే అడుగుదాం" అని రోగి ముందే ఒప్పేసుకుని, ఫోన్ తీసి రాళ్ల డాక్టరుగారికి చేశాడు. "సార్, ఇలా ఫలానా. మీ మాటా గుండె డాక్టరుగారి మాటా కలవట్లేదు. మధ్యలో ఈయన నలుగుతున్నాడు." ఆ తర్వాత గుండె డాక్టరుగారికి చేస్తే, మూడోసారికి ఎత్తారు. ముందు "మీరెవరండీ?" అన్నారు. తర్వాత నాలుగు నిమిషాలు మామూలుగా, ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నట్టే మాట్లాడారు. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. నీళ్లు లీటరున్నర దగ్గర కుదిరాయి. నొప్పి మాత్ర పోయింది. రెండు టెల్మిసార్టాన్లలో ఒకటి పోయింది, కళ్లు తిరగడానికి రాసిన మాత్ర దానివెంటే పోయింది. పద్నాలుగు కాస్తా పదకొండయ్యాయి.

మూడు వారాలకు కళ్లు తిరగడం ఆగింది. క్రియాటినిన్ కొంచెం దిగింది. మావయ్య వీధి చివరిదాకా నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, నన్ను పిలిచాడు.

"అల్లుడూ, తగ్గిందనుకో. కానీ ఈయనకేం రాదురా."

"అదేంటి మావయ్యా?"

"చూశావుగా, ప్రతిదానికీ ఎవరికో ఒకరికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మన పెద్ద డాక్టరుగారు ఎప్పుడన్నా ఒకర్ని అడిగాడా? తలైనా ఎత్తాడా? అదీ చదువంటే. సోమవారానికి ఆయన దగ్గర టోకెన్ తీయించు."

తీయించాను. ఫైలు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లాం. ఎలాగూ అన్నీ ఫ్రెష్‌గా చేయిస్తారు.